చెరగని పెళ్లి డిస్కు

మా పెద్దోడి గొంతు చెరిగిపోలేదు, దేవుడు చల్లగా చూశాడు!

వాడు చనిపోయి మూడేళ్లు. వాడి మాట మిగిలింది చెల్లెలి పెళ్లి డిస్కులోనే. ఈ రోజు భజన పాటలు ఎక్కిద్దామని ఒక డిస్కు కంప్యూటర్లో పెట్టి, పాతది చెరిపేయమని నొక్కాను. నొక్కాక చూస్తే చేతిలో ఉన్నది పెళ్లి డిస్కు కవరు. ఏడుస్తూ పక్కింటి మస్తాన్‌ను పిలిచాను.

"ఏడవబాక పెద్దనాయనా! ఇది చెరిపి రాసే డిస్కు కాదు, ఒక్కసారే రాసేది. నువ్వెంత నొక్కినా చెరగదు" అని వీడియో పెట్టాడు.

"నాయనా, ముందు నువ్వు అన్నం తిను! పెండ్లి యాడికీ పోదులే!" అని అందులో మావాడు అరిచాడు.

నాకన్నా అదృష్టవంతుడుంటే చెప్పండి!

పెద్దారవీడులో అక్కకు, దర్శిలో అమ్మాయికి ఫోన్ చేయాలి. అందరికన్నా ముందు కొనకనమిట్లలో కోడలికి చెప్పాలి. వాడు పోయాక పుట్టిన మనవడు వాళ్ల నాయన గొంతు ఇంతవరకు వినలేదు.