అండమాన్‌లో ఆమెకు అన్నం వెతికిన రోజులు

పెళ్లయిన పన్నెండో రోజు మేమిద్దరం అండమాన్ వెళ్లాము. మాది ప్రొద్దుటూరులో బట్టల అంగడి. నాయన పోయినప్పటి నుంచి అమ్మా నేనూ చూసుకుంటున్నాము. నా భార్యది జమ్మలమడుగు. వాళ్ల నాయనకు బస్టాండు దగ్గర కిరాణా అంగడి. పులివెందులలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగు చదివింది. విమానం టికెట్లు, గదులు మా మేనమామ పెళ్లి కానుకగా బుక్ చేయించాడు. పొద్దున టిఫిను గదితో పాటే ఇస్తారు. మిగతా రెండు పూటలూ ఎక్కడ తినాలో మేమే చూసుకోవాలి.

మా రెండు ఇళ్లలోనూ మాంసం, చేప, గుడ్డు ఏదీ ముట్టరు. "దీవిలో చాపలు తప్ప ఏం దొరుకుతాయప్పా మీకు?" అని మా అంగడిలో లెక్కలేనన్ని ఏళ్లుగా పనిచేస్తున్న పెద్దాయన ముందే అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. నా బెంగ వేరే. పెళ్లయినప్పటి నుంచి ఆమె సరిగ్గా తినడం లేదు. కంచం ముందు కూర్చుని అన్నం కలిపేది, రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని లేచిపోయేది. "కొత్తిల్లు కదా, నాలుగు దినాలు పోతే అదే సర్దుకుంటాది" అనేది అమ్మ. కారం తేడా అనుకున్నాను నేను. నీళ్ల తేడా అనుకున్నాను. తనకు నచ్చిన తిండి ఎక్కడైనా దొరికితే ఆమె ముఖం విప్పారుతుందనీ, అక్కడి నుంచి మా సంసారం దారిన పడుతుందనీ నిజంగానే నమ్మాను.

హావ్‌లాక్ దీవిలో మొదటి సాయంత్రం మేం దిగిన చోటే తిన్నాము. బల్ల దగ్గర కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది. ఒక పన్నీరు కూర, నాలుగు రొట్టెలు, ఇంత అన్నం కలిపి మా అంగడిలో ఓ మోస్తరు చీర ధర అయింది. కూర తియ్యగా ఉంది. ఆమె రొట్టె ముక్క తుంచి చాలాసేపు నమిలింది.

"బాగలేదా?" అన్నాను.

"బాగుంది."

"మరి తిను."

"సాలు."

మర్నాడు స్కూటరు బాడుగకు తీసుకుని వెతకడం మొదలుపెట్టాను. ఆ దీవిలో బెంగాలీవాళ్లు ఎక్కువ. సంతలో వరసగా వాళ్ల పూటకూళ్ల కొట్లు ఉన్నాయి. భోజనం చవకే, వేడిగానే పెడతారు, కానీ పప్పులో ముంచిన గరిటె చేపల పులుసులోనూ ముంచుతారు. ఒక కొట్లో నాకొచ్చిన హిందీలో మాకు చేప వద్దని చెప్పాను. ఆయన మా గిన్నెలోంచి చేప ముక్కను గరిటెతో పైకి తీసి, ఇక ఇందులో చేప లేదు, తినండి అన్నాడు. ఆమె పెదవులు కొంచెం కదిలాయి. నవ్వు అనే అనుకున్నాను. ఆ నవ్వు చూసి ఇంకో నాలుగు హోటళ్లు తిప్పాను.

దోసె అని బోర్డు కనిపించిన చోట సాంబారులో చక్కెర వేశారు. తెల్లదొరల కోసం పెట్టిన ఇంకో చోట వెన్నలో ఉడికించిన సేమ్యా లాంటిదేదో తెచ్చారు. ఎక్కడికి పోయినా ఆమె గ్లాసుడు నీళ్లు తాగి, "మీరు తినండి" అనేది. పారేయడం ఎందుకని నేనే తిన్నాను. సాయంత్రానికి నా కడుపు ఉబ్బిపోయింది. ఆమె పొద్దున తిన్న ఒక బ్రెడ్డు ముక్కతో ఉంది.

మూడో రోజు నాకు ఓపిక పోయింది. సముద్రానికి పోయే దారిలో స్కూటరు ఆపి అడిగాను.

"నీకేం కావాల్నో చెప్పు. ఈ దీవిలో యాడున్నా తెస్తా. చెప్పకపోతే నాకెట్ల తెలుస్తాది?"

"నాకేం వద్దు."

"ఏం వద్దంటే ఏంది? పస్తుంటావా? మనం ఊరికి పోతే మీ అమ్మకు నేనేం చెప్పాల?"

ఆమె దారి పక్కన కొబ్బరి చెట్ల వైపు చూస్తూ నిలబడింది. ఏడవలేదు, కోప్పడలేదు. స్కూటరు దగ్గరికి వచ్చి "పోదాం పదండి" అంది.

అమ్మకు ఫోన్ చేస్తే పెరుగన్నం కలిపి పెట్టమంది. పెరుగు పాకెట్టు కొన్నాను. వంటగదిలో బతిమాలి ఉట్టి అన్నం తెచ్చాను. గదిలో నా చేత్తోనే కలిపి ఇచ్చాను. నేను చూస్తున్నానని ఆమె మొత్తం తినింది, మందు మింగినట్టు ఒక్కో ముద్దకూ కళ్లు మూసుకుని. గిన్నె ఖాళీ అయ్యాక నాకు ఎందుకో సిగ్గేసింది.

అయిదో రోజు పడవలో పోర్ట్‌బ్లెయిర్ చేరాము. లాడ్జీలో ఉన్నతను మా తెలుగు విని, ఆ వెనక సందులో తెలుగామె మెస్సు నడుపుతుంది, పోయి చూడండి అన్నాడు. ఇంటి ముందుగదిలో నాలుగు బల్లలు, స్టీలు కంచాలు. మెస్సామెకు అరవై ఏళ్లుంటాయి. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లి చేసుకుని వచ్చి అక్కడే ఉండిపోయిందట.

"మీదేవూరు బాబూ?"

"కడప జిల్లా, ప్రొద్దుటూరు. మేం చేప ముట్టం."

"అదా సంగతి! మాటాడితే తగువుకొచ్చినట్టుంది" అని నవ్వి, నా భార్య వైపు తిరిగింది. "ఏటమ్మా, నిలబడ్డావేటి? కూకో. చేప వేరే పొయ్యి మీద వండుతాను, బెంగెట్టుకోకు."

పప్పు, వంకాయ కూర, చారు పెట్టింది. ధర చూస్తే మా ఊరి మెస్సులో ఉన్నంతే. మెస్సామె పక్కన నిలబడి వడ్డిస్తుంటే, నా వైపు చూడకుండా నా భార్య తినింది. చారు పోసుకుని రెండోసారి అన్నం అడిగింది. నా గుండె ఎంత తేలికైందో చెప్పలేను. ఇన్ని రోజులు తిరిగింది ఇందుకే కదా అనుకున్నాను. ఇద్దరికీ ఐస్‌క్రీం తెస్తానని సందు చివరికి పరుగులాంటి నడకతో పోయాను.

తిరిగొచ్చేసరికి నా భార్య ముందుగదిలో లేదు. వంటింట్లోంచి నవ్వు వినిపించింది. ఎవరో అనుకున్నాను. గడప దగ్గరికి పోతే ఆమె పీట మీద కూర్చుని గోంగూర ఆకు తుంచుతూ, హాస్టల్లో బొరుగుల ఉగ్గాని కోసం బయటికి పోయి వార్డెనుకు దొరికిపోయిన సంగతి చెబుతోంది. చేతులు తిప్పుతూ, వార్డెను గొంతు అనుకరిస్తూ చెబుతోంది. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. మెస్సామె పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నేనూ నవ్వబోయాను. అప్పుడు ఆమె నన్ను చూసింది. మాట సగంలో ఆపి, చేతిలో కాడ కింద పెట్టి, "పోదామా?" అంది.

ఐస్‌క్రీం కరిగి నా చేతి మీద కారింది. మెస్సామె నా ముఖం చూసి తల తిప్పుకుంది.

బయటికొచ్చి సముద్రపు గట్టు మీద కూర్చున్నాము. ఇంకా ఎండ పోలేదు. అడగకుండా ఉండాల్సింది. అడిగాను.

"ఆడ తినినావు, నవ్వినావు. నాతో ఉంటే ఎందుకు తినలేకుండావు?"

ఆమె సముద్రం వైపు తిరిగి కూర్చుంది. తర్వాత మెల్లగా చెప్పింది. "మీరు పక్కనుంటే నాకు ముద్ద దిగదు. తప్పు మీది కాదు. మీరు మంచోళ్లే. నాకే ఇష్టం రాలా."

"ఇంకెవరన్నా ఉండారా?"

"ఎవురూ లేరు. ఉన్నింటే చెప్పేదానికి సులువుగా ఉండేది."

"పెండ్లికి ముందరే చెప్పకూడదా?"

"చెప్పినా కదా. మా నాయనకు చెప్పినా. మీకు ఫోన్ చేసి కూడా చెప్పినా, నాకు ఇప్పుడే పెండ్లొద్దు, మీరన్నా ఆపండని. మీరు నవ్వినారు. అందరు ఆడపిల్లోళ్లూ అట్లనే అంటారు అన్నారు."

ఆ ఫోన్ నాకు గుర్తుంది. అంగడిలో బేరం మీద ఉన్నాను. సిగ్గుపడుతోందనుకుని మురిసిపోయాను కూడా.

ఇప్పుడు ఏం చేద్దామని అడగాల్సింది. క్షమించమని అనాల్సింది. నా నోట్లోంచి వచ్చిన మాట, "రాత్రికి ఏం తిందాం?" అని. ఆమె నా వైపు చూసి, "మీ ఇష్టం" అంది.

మరుసటి రోజు విమానం ఎక్కే ముందు కూడా ఆ మెస్సుకే పోదామన్నాను. నేను బయట నిలబడతాను, నువ్వు తినిరా అన్నాను. వద్దంది.

ఊరికొచ్చిన రెండు నెలలకు ఆమె పుట్టింటికి పోయి, ఇక రానని వాళ్ల నాయనతో చెప్పింది. పెద్దమనుషులు జమ్మలమడుగులో కూర్చున్నారు. "కొట్టినాడా? తాగినాడా? ఇంగేంది మరి?" అని అడిగారు. ఆమె తల వంచుకుని ఉంది. అందరూ నా వైపు చూశారు. ఆ గట్టు మీద విన్నది ఆ ఒక్క క్షణం నేను చెప్పి ఉంటే, నాకూ వద్దు అని ఉంటే, ఆ పూటకే తేలిపోయేది. అమ్మ గుర్తొచ్చింది. అంగడి ముందర నిలబడి జనం ఏమనుకుంటారో గుర్తొచ్చింది. "నాకేం ఇబ్బంది లేదు, తోడుకుని పోతా" అన్నాను. ఆ మాటకు వాళ్ల నాయన నా చేతులు పట్టుకున్నాడు. ఆమె బ్యాగు సర్దుకోడానికి లోపలికి పోయింది.

మూడేళ్లయింది. నేను అంగడికి పోయాక ఆమె తింటుంది. మధ్యాహ్నం బాగానే తింటుందని అమ్మ సంతోషంగా చెబుతుంది. నేను అడిగిందానికి జవాబు చెబుతుంది, నా బట్టలు ఇస్త్రీకి పంపుతుంది. పిల్లల గురించి బంధువులు అడిగితే మా ఇద్దరిలో ఎవరం దగ్గరుంటే వాళ్లం మాట మారుస్తాము.

పోయిన నెల ఒక పొద్దున, నేను చెప్పులేసుకుంటుంటే గుమ్మం దగ్గరికి వచ్చింది. పులివెందులలో ఒక బడిలో కంప్యూటరు టీచరు కావాలంటున్నారట. ఆడ ఆడోళ్ల హాస్టలు కూడా ఉందంట, సెలవులకు వస్తాను, పోనా అంది. అంత పొడుగు మాట నాతో ఆమె మాట్లాడి ఎన్నాళ్లయిందో.

లోపల్నుంచి అమ్మ దగ్గింది.

"చూద్దాంలే" అన్నాను.

ఆమె మళ్లీ అడగలేదు.