పడమటి గోడకు పెట్టిన తలుపు

నూజివీడు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బ్లీచింగ్ కలిపే గదికి ఇనుప తలుపు రెండు సీజన్లు కూడా ఆగేది కాదు. ఆ ఘాటుకు అడుగు నుంచి పొరలు పొరలుగా రాలిపోయేది. ఫైబర్‌గ్లాస్ తలుపు చేసిస్తానని ఒప్పుకున్నది నేనే. నా షెడ్డు హనుమాన్ జంక్షన్‌లో. గాజు పీచు పరిచి, రెజిన్ జిగురు పూసి, మూడు నమూనాలు పాడుచేశాక నాలుగోది నిలిచింది. తుప్పు దాని దరిదాపులకు రాదు.

ఫ్యాక్టరీ యజమాని భయమల్లా ఈగల గురించే. గుజ్జు తీసే రోజుల్లో సందు దొరికితే చాలు, ముసురుకుంటాయి. అందుకని తలుపుకూ చట్రానికీ మధ్య ఖాళీ బాగా తగ్గించాను. ముదురు ఆకుపచ్చ రంగు వేశాను. అది పడమటి ఎండకు ఎదురుగా ఉండే గోడ. వేడికి పైపొర సాగి తలుపు వంగుతుందేమోనని అనుమానం వచ్చింది. ఎండలో పెట్టి చూద్దామంటే సీజన్ దాటిపోతుంది. ఊరుకున్నాను.

మే నెలలో ఒక మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. చాట్రాయి నుంచి పనికొచ్చే ఒకామె బ్లీచింగ్ నీళ్ళ కోసం ఆ గదిలోకి వెళ్ళింది. కాసేపటికి లోపలి నుంచి తలుపు బాదడం వినిపించింది. పరుగెత్తి బయటి నుంచి లాగాను. కదల్లేదు. మధ్యలో పొట్టలా ఉబ్బి, అంచులు చట్రంలో బిగుసుకుపోయాయి. లోపల దగ్గు. తర్వాత దగ్గు కూడా ఆగింది. గునపంతో తలుపు పగలగొట్టి ఆమెను నీడకు మోసుకొచ్చాం. చాలాసేపటికి కళ్ళు తెరిచింది.

ఏమైందని యజమాని అడిగాడు. కంగారులో గడియ తప్పుగా తిప్పి తానే బిగించేసుకుందని చెప్పాను. తలుపు ముక్కలైపోయింది కనుక అందరూ నమ్మారు.

తర్వాతి తలుపుకు లేత రంగు వేశాను, ఖాళీ పెంచి రబ్బరు అంచు పెట్టాను. ఆ మార్పులు ఎందుకు చేశానో ఎవరికీ చెప్పలేదు. మరుసటి ఏడు ఆమెను పనిలోకి పిలవలేదు. కాయ కోతకు వెళితే అక్కడా, "ఏమ్మా, మీ ఇంటి తలుపైనా తీయడం వచ్చా?" అని నవ్వేవారట.

మొన్న ఏప్రిల్‌లో ఆమె ఇంటికి వెళ్ళి, తప్పు తలుపుదని, అంటే నాదని చెప్పాను.

"నాకెందుకండీ చెప్తారు? తిప్పింది నేనేగా, ఎటు తిప్పానో నాకు తెలీదేంటి? ఫ్యాక్టరీలో చెప్పండి, మా ఆడాళ్ళందరూ ఉన్నప్పుడు."

ఫ్యాక్టరీలో ఈ సీజన్ పని మొదలైన రోజు కాయలు కడిగే బెల్టు పక్కన నిలబడి చెప్పాను. యజమాని ముఖం తిప్పుకున్నాడు. ఒకామె చేతిలోని కాయ కింద పెట్టింది.

"అయితే ఆవిణ్ణి రేపట్నించి రమ్మంటున్నారా, లేదా?" అని ఆయన్నే అడిగింది.

మిగతావాళ్ళూ చేతులు ఆపేశారు. బెల్టు మీద కాయలు ఒకదాన్నొకటి తోసుకుంటూ చివరికి వెళ్ళి నేలమీద పడుతున్నాయి.

"రమ్మనండి," అన్నాడు.