సబ్బు మెత్తిన జీపు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి, చెప్తాను. నా చిన్నప్పుడు శిరివెళ్లలో మా పెదనాయనకు ఒక పాత జీపు ఉండేది. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మనుషుల్నీ మేకల్నీ కలిపి కుక్కుకుని తోలేవాడు. దానికి కొత్త సామాన్లు దొరికేవి కావు. నీళ్ల గొట్టానికి సైకిల్ ట్యూబు చుట్టేవాడు, ట్యాంకు చిల్లికి సబ్బు మెత్తేవాడు. ఆ డీజిల్ కంపంటే నాకు అసహ్యంగా ఉండేది.

డీజిల్ కరువైన రోజులవి. ఒక పొద్దున మా పిన్నమ్మకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది, ఆళ్లగడ్డ ఆసుపత్రికి తీసుకుపోకపోతే ఇద్దరూ దక్కరని మంత్రసాని తేల్చేసింది. జీపు దగ్గరికి పోయి చూస్తే సబ్బు ఊడి, ట్యాంకులోని డీజిలంతా నేలపాలైంది.

ఖాళీ డబ్బా నా చేతికిచ్చి, నన్ను వెంటబెట్టుకుని పెదనాయన ట్రాక్టరున్న పెద్దరైతు ఇంటికి నడిచాడు. ఆయన మడత నలగని తెల్లపంచె కట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. "యాడిదప్పా డీజిలు? నా ట్రాక్టరే నిలబడిపోయిండాది," అన్నాడు. పిన్నమ్మ సంగతి చెప్పినా తలెత్తలేదు, తమలపాకుకు సున్నం రాసుకుంటూనే ఉన్నాడు.

పెదనాయన బతిమాలలేదు. కొట్టం మూలన ఖాళీ గోతాల కుప్ప ఉంటే, దానికి ఆనుకుని బీడీ నోట పెట్టుకున్నాడు. అగ్గిపుల్ల బయటికి తీశాడో లేదో, పెద్దరైతు పంచె ఊడుతున్నా చూసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు.

"రేయ్, ఆడ ముట్టియ్యొద్దురా!"

"ఏందన్నా, చినిగిన గోతాలకే ఇంత బయపడతాండావ్?" అని పెదనాయన వాటిని లాగేశాడు. కింద నిండు డీజిల్ పీపా.

ఆ మనిషి ముఖంలో సిగ్గన్నది లేదు. తలుచుకుంటే ఈనాటికీ నాకు అసహ్యం వేసేది అందుకే. పెదనాయన పీపాలో గొట్టం పెట్టి నోటితో పీల్చాడు. నోటినిండా డీజిల్ వచ్చింది, ఉమ్మేసి దగ్గుతూ డబ్బా నింపాడు. పెద్దరైతేమో కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, "థూ, ఏం కంపప్పా! దూరం పో," అన్నాడు.

పుట్టబోయే బిడ్డకని దాచిన ఒంటిసబ్బునే పెదనాయన తడిపి చిల్లికి మెత్తాడు. దారి పొడవునా తల బయటపెట్టి ఉమ్ముతూ తోలాడు. తల్లీబిడ్డా దక్కారు.

డీజిల్ కంపును అసహ్యించుకోవడం నేను ఆ రోజే మానేశాను. ఇప్పటికీ మడత నలగని బట్టల్లో ఎవరైనా "లేదు" అంటే ముఖం చూడను, ఇంట్లో గోతాలు ఎక్కడున్నాయా అని చూస్తాను.

ఆపదలో ఉన్నవాళ్లు మీ గడప తొక్కితే, వాళ్లు అగ్గిపుల్ల తీయకముందే మీ చెయ్యి ముందుకు రావాలి. మీ ఇల్లు, మీ పిల్లాపాపా చల్లగా ఉండాలి నాయనా.