మొహెంజోదారో మీద పది ప్రశ్నలు

మా మనవరాలి బడిలో ప్రాచీన నదీలోయ నాగరికతల పాఠం మొదలయ్యేనాటికి నేను అమెరికాలో మా అమ్మాయి వాళ్ళుండే బాతెల్ వచ్చి రెండు నెలలైంది. అప్పటికి ఆ ఇంట్లో నాకు చేతనైన పని ఒక్కటీ లేదు. డిష్‌వాషర్‌లో నేను సర్దిన గిన్నెలు మా అమ్మాయి మళ్ళీ తీసి సర్దేది. అలాంటి నా దగ్గరికి ఆరో తరగతి చదివే మనవరాలు వచ్చి, ఏదో ఒక నాగరికత ఎంచుకోమంటే సింధు తీసుకున్నానని, మా అమ్మమ్మ ముప్పై ఏళ్ళు ఆ పాఠమే చెప్పిందని క్లాసంతటికీ చెప్పానని అంటే, నా సంతోషం ఇంతా అంతా కాదు. నేను కృష్ణా జిల్లాలో హైస్కూల్ సోషల్ టీచరుగా రిటైరయ్యాను. సింధు నాగరికత విశిష్టతలు నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఆ పిల్ల తెచ్చిన కాగితం మీద పది ఖాళీ గళ్ళున్నాయి. ఒక్కో గడిలో సింధు ప్రజల గురించి ఒక్కో ప్రశ్న రాయాలట. జవాబులు అక్కర్లేదట. నాకేమీ అర్థం కాలేదు. ప్రశ్నలిచ్చేది టీచరు, జవాబులు రాసేది పిల్లలు. ఈవిడెవరో తన పని పిల్లల నెత్తిన పెట్టిందనుకున్నాను. పోనీలే, ప్రశ్నపత్రం తయారు చేయడం నాకు వెన్నతో పెట్టిన విద్య. పట్టణ నిర్మాణమును వివరింపుము, మహాస్నానవాటికను గూర్చి వ్రాయుము, మురుగునీటి పారుదల వ్యవస్థ విశిష్టత ఏమి, అంటూ పదీ గబగబా చెప్పేశాను. మనవరాలు వాటిని ఇంగ్లీషులోకి మార్చుకుంది. ఏవి రెండు మార్కులవో, ఏవి నాలుగు మార్కులవో కూడా పక్కన వేయించాను.

రెండు రోజులకు ఆ కాగితం తిరిగొచ్చింది. వీటి జవాబులు పుస్తకంలోనే ఉన్నాయి, నీకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నవి రాసి శుక్రవారం తీసుకురా, అని కింద టీచరు రాసింది. అమ్మమ్మ గురించి గొప్పగా చెప్పుకున్నది ఆ పిల్లే, మళ్ళీ రాయమన్నదీ ఆ పిల్లనే. నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి హోంవర్క్ పైన తన గదిలో చేసుకోవడం మొదలుపెట్టింది. నేను తలుపు దగ్గర నిలబడితే "ఐ గాట్ ఇట్, అమ్మమ్మా" అని నవ్వేది. అతిథులతో నవ్వే నవ్వు అది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఈసారి కూడా నేను పనికిరాకపోతే ఆ పిల్ల ఇక ఏ పాఠానికీ నా దగ్గరికి రాదని తెలిసిపోతూనే ఉంది.

మా అమ్మాయితో చెప్పుకుంటే, ఆఫీస్ కాల్ మ్యూట్‌లో పెట్టి, ఇక్కడి పద్ధతి వేరని, వదిలేయమని అంది. వదిలేస్తే నాకింకేం మిగిలింది?

గురువారం అందరూ వెళ్ళాక డైనింగ్ టేబుల్ దగ్గర తెల్లకాగితం పెట్టుకుని కూర్చున్నాను. ఏ ప్రశ్న రాసినా దాని వెనకే జవాబు తోకలా వచ్చేస్తోంది. ఇటుకల గురించి రాస్తే కొలతలు, తూకపురాళ్ళ గురించి రాస్తే ఏకరూపత. ఆఖరికి, సింధు లిపిని ఇంతవరకు ఎవరూ చదవలేకపోయారన్నది కూడా నేను జవాబుగానే చెప్పానని గుర్తొచ్చింది. ఖాళీలు పూరింపుములో ఒక మార్కు. లిపి చదవలేదంటే వాళ్ళు ఏ భాషలో పిల్లల్ని పిలిచారో, తమ ఊరిని ఏమన్నారో కూడా మనకు తెలియనట్టేనని ముప్పై ఏళ్ళలో నాకు తట్టలేదు. మొహెంజోదారో అన్నది కూడా ఎప్పుడో తర్వాతి వాళ్ళు పెట్టిన పేరే. మరి నేనిన్నాళ్ళూ ఎవరి గురించి చెప్పినట్టు? మధ్యాహ్నం అన్నం కూడా సరిగా తినలేదు.

సాయంత్రం మనవరాలు పాలూ సీరియలూ పోసుకున్న గిన్నెతో వచ్చి నా ఎదురుగా కూర్చుంది. తనకు తొమ్మిది ప్రశ్నలు దొరికాయట, పదోది దొరకడం లేదట. నా కాగితం చూసింది. అన్నీ కొట్టివేతలే.

"అమ్మమ్మా, నువ్వు థర్టీ ఇయర్స్ టీచ్ చేశావు కదా. నీకు ఒక్క క్వశ్చన్ కూడా రాలేదా?"

వెక్కిరింత కాదు, నిజంగానే అడిగింది. నాకు రాలేదు తల్లీ అన్నాను. అన్నాక, నా క్లాసులో ఒక పిల్లకు వచ్చిందని జ్ఞాపకం వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మురుగు కాలవల గురించి చెబుతున్నాను. కాల్చిన ఇటుకలు, పైన మూతలు, ప్రపంచంలో మరెక్కడా లేవు అని ఊగిపోతున్నాను. ఒక పిల్ల లేచి, "మరి ఆ కాలవలు ఎవరు తీసేవోళ్ళు టీచర్?" అంది. వాళ్ళమ్మ మా ఊరి పంచాయతీలో కాలవలు తీసే మనిషి. క్లాసంతా నవ్వింది.

"నువ్వు ఏం చెప్పావు?" అంది మనవరాలు.

"అది పరీక్షలో రాదు, కూర్చో అన్నాను."

మనవరాలు నవ్వలేదు. లాప్‌టాప్ తెచ్చుకుని పదో గడిలో ఆ ప్రశ్న టైప్ చేసింది. నా భుజానికి ఆనుకుని కూర్చునే చేసింది. వారం రోజులుగా నేను కోరుకున్నది అదే అయినా, ఎందుకో సంతోషం కలగలేదు.

"కానీ ఇది నీ క్వశ్చన్ కాదు కదా అమ్మమ్మా. వేరేవాళ్ళది అయితే వాళ్ళ నేమ్ రాయాలి, అది రూల్. తన నేమ్ ఏంటి?"

నా దగ్గర చదివి స్కూల్ ఫస్టు వచ్చిన పిల్లల పేర్లన్నీ ఇంటిపేర్లతో సహా ఇప్పటికీ చెప్పగలను. ఈ పిల్ల కిటికీ పక్క బెంచీలో కూర్చునేదని గుర్తుంది. కూర్చోమనగానే కూర్చుందని, ఆ ఏడాది మళ్ళీ లేవలేదని గుర్తుంది. పేరు మాత్రం ఎంత వెతుక్కున్నా రాలేదు. మనవరాలు కీబోర్డు మీద వేళ్ళు పెట్టుకుని, చెబుతానని నా వైపే చూస్తోంది.