కుర్చీకి పరస్థానం

ముందు ఆ కంప్రెసర్ గురించి చెప్పాలి. తిరుపతిలో మా ఆడిటర్ ఆఫీసుకు లెక్కలు ఇచ్చే పళ్ళ డాక్టరు ఒకావిడ ఉన్నారు. ఆవిడ క్లినిక్కు వెనక గదిలో ఉండేది అది. పంటిని తొలిచే యంత్రానికి గాలి అందించడం దాని పని. పనికన్నా అరుపు ఎక్కువ. అది మొదలైతే బయట బెంచీ మీదున్న వాళ్ళలో ఒకరిద్దరు ఫోనొచ్చినట్టు లేచి మెట్లు దిగేవాళ్ళు. మళ్ళీ ఎక్కేవాళ్ళు కాదు. ఆ నష్టాన్ని ఏ ఖాతాలో రాయాలని డాక్టరు మేడం ఒకసారి నన్నడిగారు. అలాంటి ఖాతా లేదని చెప్పాను.

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. తర్వాత లెక్కల వైపు వచ్చాను. అందుకే యంత్రాలున్న క్లయింట్లను మా ఆడిటర్ సార్ నాకే అప్పగించేవారు. మేడం ఆ ఏడు రెండో గది వేయించి, కొత్త కుర్చీ, ఎక్స్-రే యంత్రం కొన్నారు. వాటి తరుగుదలను, అంటే వాడకంలో ఏటా తగ్గే విలువను, ఆ ఏటి ఖర్చులో చూపిస్తే పన్ను తగ్గుతుంది, కంప్రెసర్ మార్చడానికి ఆవిడ దాచిన డబ్బు జోలికి వెళ్ళక్కర్లేదు. ఈ సంగతంతా ఒక పేజీలో రాసిచ్చి, మార్చిలో కట్టాల్సిన ముందస్తు పన్ను కూడా ఆ లెక్క ప్రకారమే కట్టించాను. నేను సొంతంగా వేసిన మొదటి ప్రణాళిక అది.

దానికి ఒకటే షరతు. యంత్రాన్ని కొంటే చాలదు, మార్చి నెలాఖరులోగా వాడాలి. ఏప్రిల్ ఒకటిన మొదలుపెడితే ఆ తరుగుదల వచ్చే ఏటి లెక్కలోకి పోతుంది. తక్కువ కట్టిన పన్ను వడ్డీతో సహా కట్టాలి. అప్పుడు కంప్రెసర్ ఇంకో ఏడాది అరుస్తుంది.

మార్చి ఇరవై తొమ్మిదిన బిల్లుల కోసం వెళ్ళాను. కుర్చీ రేణిగుంట ట్రాన్స్‌పోర్ట్ గోడౌను నుంచి ఎప్పుడో వచ్చింది. బిగించారు కూడా. కానీ మీదున్న ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. తల ఆన్చుకునే చోట పసుపూ కుంకుమా.

"ఉగాదికి పూజ చేసి మొదలుపెడదామన్నాడప్పా మా నాయన. అంతవరకు రోజులు బాగలేవంట," అన్నారు మేడం.

ఆ ఏడు ఉగాది ఏప్రిల్ మొదటి వారంలో పడింది. నా పేజీలో ఉగాది లేదు. షరతు సంగతి మళ్ళీ మొదటినుంచి చెప్పబోయాను.

"నాకు చెప్పొద్దు, ఆయనకు చెప్పు. పేషంటు నోరు తెరిపించేది నాకు తెలుసు. మా నాయన నోరు మూయించేది తెలీదు."

వాళ్ళ నాయన బస్టాండులో టైమ్‌కీపరుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు క్లినిక్కు బల్ల దగ్గర కూర్చుని టోకెన్లు ఇస్తారు. నేను మూడు కారణాలు వరసగా చెప్పాను. మూడూ ఓపిగ్గా విన్నారు.

"బాగా చెప్పినావు. గానీ అమావాస్య ముందర పెట్టుకొని కొత్త కుర్చీలో మనిషిని పండబెట్టి పండ్లు పీకితే బాగుంటాదా? ఆ కుర్చీని నా బిడ్డ ఎన్నేండ్లో వాడాల. మీకు మార్చి ఉంటే మాకు పంచాంగం ఉండాది."

లేచి చెప్పులేసుకుంటుంటే మా నాన్న గుర్తొచ్చారు. ఆయన గూడూరు మార్కెట్‌కు నిమ్మకాయలు తోలేవారు. కాయ కోశాక మంచిరోజు కోసం ఆగదు. అందుకని రెండు రోజుల ముందే మంచి గడియ చూసుకుని, తన సంచిని పక్కింట్లో పెట్టొచ్చేవారు. దాన్ని పరస్థానం అంటారు. సంచి గడప దాటితే మనిషి బయల్దేరినట్టే. ఆ తర్వాత ఏ వేళకు లారీ ఎక్కినా దోషం లేదు.

చెప్పులు విప్పి వెనక్కి వచ్చాను. "పెద్దాయనా, కుర్చీకి పరస్థానం పెడితే?"

"ఊరికి పొయ్యేదానికి కదప్పా పరస్థానం. కుర్చీ యాడికి పోతాది?"

"కుర్చీ పోదు, పని మొదలవుతుంది. ఊరికి బయల్దేరడమూ పని మొదలుపెట్టడమే కదా."

ఆయన సొరుగులోంచి పంచాంగం తీసి పేజీలు తిప్పారు. "రేపు పొద్దున ఒక మంచి గడియ ఉండాది," అన్నారు చివరికి.

మర్నాడు ఆయనే కవరు విప్పి, నాలుగు మడతలు పెట్టి, ఊదుబత్తి వెలిగించి తన చేతిసంచిని కుర్చీలో పెట్టారు. సంచిలో నీళ్ళ సీసా, కళ్ళజోడు. కాసేపాగి దాన్ని తీసి భుజానికి తగిలించుకున్నారు.

"అయిపాయ. మా కాలంలో డ్రైవరు బస్సును రెండడుగులు కదిలించి నిలబెడితే టైముకు బయల్దేరినట్టే. నువ్వూ అట్లే రాసుకో."

"పంచాంగానికి అయిపోయింది. ఆదాయపు పన్నుకు కాలేదు. వాళ్ళు సంచిని పేషంటుగా ఒప్పుకోరు."

"ఎందుకొప్పుకోరు?"

"దానికి పళ్ళు లేవు."

మేడం గబుక్కున మాస్కు పైకి లాక్కున్నారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు.

"నీకు ఉండాయి కదా," అన్నారు. "కూసో."

ఇది నేను లెక్క వేయలేదు. ఎడమవైపు కింద నాకొక దవడపన్ను చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనేది. కుడివైపు నమలడం ద్వారా చాలాకాలంగా ఆ సమస్యను నిర్వహిస్తున్నాను.

"ఆఫీసులో పనుంది మేడం."

"బెంచీ మీదినుంచి లేసి పొయ్యేవాళ్ళంతా అదే చెప్తారప్పా," అన్నారు మేడం, చేతికి గ్లవ్స్ తొడుక్కుంటూ.

పెద్దాయన నాకు ఒకటో నంబరు టోకెను ఇచ్చారు. ఎక్స్-రే తీశారు. పుచ్చింది ఒకటి కాదు, రెండు. జివ్వుమనేదాన్ని ఆ పూటే తొలిచి పూడ్చారు. వెనక గదిలో కంప్రెసర్ అరుస్తుంటే కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, దాన్ని మార్పించే ప్రణాళిక ఎంత మంచిదో మనసులో మొదటిసారి ఒప్పుకున్నాను. ఫీజు తగ్గించొద్దని చెప్పి రసీదు తీసుకున్నాను. కొత్త గదికి అదే మొదటి ఆదాయం. మర్నాడు పెద్దాయన ఎవరూ అడక్కుండానే ఇద్దరు పేషంట్లను ఆ గదికి పంపారు.

జూలైలో రిటర్న్ వేసేముందు మా సార్ ఫైలు తిరగేశారు. కుర్చీ బిల్లు, బిగించిన రిపోర్టు, వాటి వెనక మార్చి ముప్పై తేదీ పడ్డ ఎక్స్-రే.

"ఎవరివయ్యా ఈ పళ్ళు?"

"నావే సార్."

ఆయన దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశారు. "రెండోది కూడా చూపించుకో. మళ్ళీ మార్చిదాకా ఆగొద్దు," అని సంతకం పెట్టారు.

రెండో పన్ను కోసం వెళ్ళేసరికి కొత్త కంప్రెసర్ వచ్చేసింది. బెంచీ నిండా మనుషులు, ఎవరూ లేవడం లేదు. పెద్దాయన ఒక్కరే చిరాగ్గా ఉన్నారు.

"పాతదాని అరుపు ఆగితే తర్వాతి టోకెను పిలిచేవాణ్ణి," అన్నారు నాతో. "ఇప్పుడు మాటిమాటికీ లేసి తలుపు తీసి సూడాల్సి వస్తా ఉండాది. అంతా నువ్వు చేసిందే."