ద్వాలి బందెలదొడ్డి

బూర్గంపాడు దాటాక గోదావరి వైపు తిరిగే మట్టి రోడ్డు మీద ఒక తండా ఉంది. ఆ తండాలో ద్వాలి పేరు చెబితే ముందు ఆమె నోరు గుర్తొస్తుంది, తర్వాతే మనిషి. పాలు పోసే ఇళ్లలో ఎవరైనా "నీళ్లు కలిపినవా?" అని అడిగితే గిన్నె అక్కడే దించేది. "రా, నువ్వే వచ్చి పిండుకో" అనేది. అయినా ఆమె పాలు మానేసిన ఇల్లు ఒక్కటీ లేదు. భర్త హాతీరాం మణుగూరు బొగ్గు గనిలో కాంట్రాక్టు కూలీగా చేస్తూ నడుం దెబ్బతిని ఇంటిపట్టున ఉండిపోయాక, ఆ ఇల్లు రెండు బర్రెల మీదే నడిచింది. కొడుకు కోటేష్ ఖమ్మంలో ఉండి డిగ్రీ చదివిందీ ఆ పాల మీదే.

గోదావరికి పెద్ద వరద వచ్చిన ఏడు తండా జనాన్ని ట్రాక్టర్లలో ఎక్కించి, మెట్ట మీది స్కూల్లో పెట్టారు. బర్రెలకు ట్రాక్టర్లో చోటు లేదు. ద్వాలి వాటి పలుపులు విప్పి వదిలేసింది.

"కట్టేసి పోతే సచ్చిపోతయి. ఇడిస్తె ఏడనో ఒక కాడ బతుకుతయి" అంది భర్తతో.

నీళ్లు తీశాక వచ్చి చూస్తే ఇంటినిండా బురద. చిన్న బర్రె తుమ్మచెట్ల మధ్య చిక్కుకుని చచ్చిపడి ఉంది. పెద్దది కాళి. దానికి ఒక కొమ్ము కిందికి వంకరగా ఉంటుంది. దాని జాడే లేదు. ద్వాలి ఏడవలేదు. ఎవడో తోలుకుపోయి సంతలో అమ్ముకున్నాడని ఊరంతా వినేలా తిట్టింది. పోలీస్ స్టేషన్‌కూ వెళ్లింది. వాళ్లు రాసుకున్నారు గానీ, ఏరు తీసుకుపోయిందో మనిషి తీసుకుపోయాడో ఎలా చెప్పగలమమ్మా అన్నారు. 

చివరికి కబురు కోటేష్ ఫోన్‌లోకి వచ్చింది. దిగువన కుక్కునూరు అవతలి ఒక పంచాయతీ కార్యదర్శి పెట్టిన మెసేజ్ అది, వాట్సాప్‌లో చేతులు మారుతూ వాళ్ల తండా దాకా చేరింది. వరదలో కొట్టుకొచ్చిన గేదెలు, ఎడ్లు తమ బందెలదొడ్డిలో ఉన్నాయనీ, సొంతదారులు గుర్తులు చెప్పి తీసుకెళ్లవచ్చనీ అందులో ఉంది. ఎవరివో తెలియని పశువులను పంచాయతీ కట్టేసి మేపే దొడ్డి అది. మెసేజ్ కింద ఒక ఫోటో. అందులో పశువులన్నీ బురద కొట్టుకుని, ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి.

ద్వాలి ఫోన్ లాక్కుని చూసింది. "గీ తుంటి మన కాళిదే" అంది.

"తుంటి చూసి ఎట్ల జెప్తవే?" అన్నాడు హాతీరాం. "ఒకవేళ మనదే అయినా అది ఆంధ్రా. ఆ రాష్ట్రమోళ్లు మనకిస్తరా?"

"బర్రెకు రాష్ట్రమేంది?" అంటూ ఆమె చెప్పులు వేసుకుంది.

కోటేష్, ద్వాలి రోడ్డు తెగినచోట దిగి నడుస్తూ, దొరికిన ఆటో ఎక్కుతూ ఆ ఊరు చేరారు. ఊరు సగం ఇంకా బురదలోనే ఉంది. పంచాయతీ ఆఫీసు వెనక గుట్టవారగా రాళ్ల గోడ, వెదురు తడిక, పైన నీలం టార్పాలిన్ పట్టా. అదే బందెలదొడ్డి. లోపల పంచాయతీ పనిమనిషి సోడె కన్నయ్య గడ్డి వేస్తున్నాడు. కోయవాడు, ద్వాలి కంటే పెద్దవాడు.

వంకర కొమ్ము కనిపించగానే ద్వాలి తడిక పట్టుకుని అరిచింది. "కాళీ! ఏ కాళీ!"

బర్రె తల తిప్పలేదు. గడ్డి నములుతూనే ఉంది.

కన్నయ్య నవ్వాడు. "మీ గేదె మిమ్మల్ని గుర్తుపట్టినట్టు లేదమ్మా."

"తిండి దొరికితే అదెవర్నీ గుర్తుపట్టదు! తలుపు తియ్యి, తోల్కపోత."

కన్నయ్య తలుపు తీయలేదు. ఆఫీసులోకి కేకేస్తే పంచాయతీ కార్యదర్శి పద్మప్రియ బయటికి వచ్చింది. ఇంకా ముప్పై నిండని మనిషి, బురదలో తిరిగీ తిరిగీ చీర అంచు ఎర్రబారిపోయి ఉంది.

"చెవి ట్యాగు తెగిపోయిందమ్మా. అది ఉంటే నంబరు చూసి ఇచ్చేసేవాళ్లం. గుర్తులేమిటో చెప్పండి" అంది.

"వంకర కొమ్ము అవుపడ్తలేదా మేడం?"

"అది ఎవరికైనా కనిపిస్తుంది. మొన్న ఒకాయన వచ్చి అదే గుర్తు చెప్పాడు. ఇంకోటి అడిగితే చెప్పలేక వెళ్లిపోయాడు."

ద్వాలికి కోపం ముంచుకొచ్చింది. తన బర్రె కోసం తనే పరీక్ష రాయాలా అనిపించింది. వెంటనే ఇంకో సంగతి తోచింది. ఈ పిల్ల అడగకుండా ఇచ్చేసి ఉంటే, కాళి ఈపాటికి ఆ మొన్నటి వాడి వెంట వెళ్లిపోయేది. ఆమె గొంతు తగ్గింది.

"ఎడమ దిక్కు ఎనక చన్ను గుడ్డిది. దాంట్ల పాలు రావు. పొదుగు కడిగేటప్పుడు కుడి దిక్కుకెళ్లి మొదలుపెట్టాలె. గట్ల గాకుంటే తంతది."

కన్నయ్య ముందుకు వచ్చి పంచె కాస్త పైకెత్తి మోకాలు చూపించాడు. అక్కడ కమిలిన మచ్చ ఉంది. "మేడం, గేదె ఈవిడదే."

అందరూ నవ్వారు. ద్వాలి కూడా నవ్వింది. ఇన్నాళ్లూ పాలు ఏం చేశారని అడిగింది. వరద శిబిరంలో పసిపిల్లలకు పోశామని పద్మప్రియ చెప్పింది. గడువులోగా ఎవరూ రాకపోతే పశువుల్ని వేలం వేసి, ఆ డబ్బు పంచాయతీలో జమ చెయ్యాలట.

"గడువు అయిపోయిందమ్మా. కానీ వరదలో ఇళ్లూ ఫోన్లూ పోయినవాళ్లు మా నోటీసు బోర్డు ఎక్కడ చూస్తారు? అందుకే పైవాళ్లకు రాసి వేలం ఆపించాను. మేపిన ఖర్చు కూడా వరద పశువులకు వద్దని తీర్మానం చేశాం. గడ్డి మా ఊరి రైతు వెంకటరామారావు గారు తన వాము నుంచి ఇచ్చారు. మిగతాదంతా కన్నయ్యే. వాళ్ల ఇల్లు మునిగింది. ఆయన ఈ పశువుల దగ్గరే పడుకుంటున్నాడు."

ద్వాలి కన్నయ్య వైపు తిరిగింది. అతని చేతిలోని గడ్డి అందుకుని తనే కాళి ముందు వేసింది. తన తల్లి గొంతు అంత మెత్తగా రావడం ఆ రోజే విన్నానని కోటేష్ ఇప్పటికీ చెబుతాడు.

"అన్నా, నీ ఇల్లు మునిగినా నా బర్రెను జూసినవు" అంది.

"ఇల్లు మునిగాక చేసేదేముంది చెల్లెమ్మా? చేతులు ఖాళీగానే ఉన్నాయి" అన్నాడు కన్నయ్య.

ఆమె అక్కడే కూర్చుని పాలు పిండి, ఆ గిన్నెడూ శిబిరానికి పంపాకే కాళిని ట్రాలీ ఆటో ఎక్కించింది.

ఇంటికొచ్చాక రోజులు మామూలుగానే గడిచాయి. పత్తి పూతకొచ్చిన కాలంలో ఎవరివో రెండు ఎడ్లు తండా చేలల్లో పడ్డాయి. కొందరు కట్టెలతో కొట్టారు. బేరగాణ్ణి పిలిచి అమ్మేద్దామన్నారు ఇంకొందరు. ద్వాలి వాళ్ల చేతుల్లోంచి తాళ్లు లాక్కుని, ఎడ్లను పంచాయతీ ఆఫీసు ముందు కట్టేసింది.

"బందెలదొడ్డి ఏడుంది ద్వాలీ?" అన్నాడు సర్పంచ్. "గోడ కూలి ఎన్నేండ్లాయె! పగిలిన చెత్తబుట్టలు ఏస్తున్నం గండ్ల."

"బుట్టలు నేను తీస్త. గోడ మీరు పెట్టియ్యండ్రి. మేత మీది, మనిషిని నేనుంట."

"జీతం ఇయ్యనీకి పైసలు లేవు మరి."

"నేనడిగిన్నా?"

హాతీరాం నడుం పట్టుకునే వచ్చి రాళ్లు అందించాడు. కోటేష్ ఎడ్ల ఫోటోలు తీసి చుట్టుపక్కల గ్రూపులన్నిట్లో పెట్టాడు. అడవి లోపల, ఫోన్లు పలకని గూడెం నుంచి ఒక మనిషి వెతుక్కుంటూ వచ్చాడు. అతనికి తెలుగు రాదు. ద్వాలికి అతని భాష రాదు. గనిలో పనిచేసినప్పుడు హాతీరాం నేర్చుకున్న నాలుగు కోయ మాటలతో అడిగితే, ఒక ఎద్దు నాలుక మీద నల్లమచ్చ ఉందని చెప్పాడు. నోరు తెరిచి చూస్తే ఉంది. అతను ఆమె కాళ్లకు మొక్కబోయాడు. ద్వాలి గభాల్న వెనక్కి జరిగి, "నాకెందుకు మొక్కుతవయ్యా! నీళ్లు తాపి తోల్కపో, జల్దీ పో, పొద్దుగూకుతది" అని గద్దించింది. భాష తెలియకపోయినా, అది తిట్టు కాదని అతనికి అర్థమైనట్టుంది. నవ్వుకుంటూ వెళ్లాడు.

తర్వాత పంచాయతీ ఆమెను పనిలోకి తీసుకుంది. అన్ని పశువులకూ సొంతదారులు రారు. వేలం వేసే రోజు ఆమె కూడా నిలబడి, పాట పాడేవాళ్లను ఇంట్లో మేత ఉందా, నీడ ఉందా అని అడుగుతుంది. అడగమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆపమనీ ఎవరూ అనలేదు.

ఈ ఎండాకాలం కన్నయ్య భార్యను భద్రాచలం దవాఖానాలో చూపించడానికి వచ్చి, తిరుగుదారిలో తండాలో దిగాడు. ద్వాలి ఇద్దరికీ జొన్నరొట్టె చేసి, పక్కన పెరుగు గిన్నె పెట్టి, తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. తిన్నాక అన్నకు తన దొడ్డి చూపించింది. పొగుడుతాడనుకుంది. కన్నయ్య చుట్టూ తిరిగి చూశాడు.

"అంతా బాగుంది గానీ చెల్లెమ్మా, నీళ్ల తొట్టి ఎండలో పెట్టావేంటి? కాగిన నీళ్లు అవి తాగవు."

ఇంకెవరైనా ఆ మాట అంటే ఏమయ్యేదో తండాకంతా తెలుసు. ద్వాలి కొంగు నడుముకు బిగించి తొట్టి ఒక పక్క పట్టుకుంది. "పట్టు అన్నా, ఆ యాపచెట్టు కిందికి జరుపుదాం" అంది.