తొట్టిలో ఆగిన ఊపిరి

నిరుడు మార్గశిరం చలిలో, తమిళనాట ధర్మపురి జిల్లా బొమ్మిడి దగ్గర మాకు మిగిలిన ఒక్క తోటలో, బీపీ తగ్గుతుందని పైరుకు నీళ్లు నింపే పెద్ద తొట్టి చన్నీళ్లలో మునగడం మొదలుపెట్టాను. ఫోన్‌లో వీడియో చూసి, అందులో చెప్పినట్టే ముందు గబగబా ముప్పైసార్లు ఊపిరి పీల్చి వదిలేవాణ్ణి.

"ఒంటిగా మునగొద్దు సామీ," అంది కూలికి వచ్చే మునియమ్మ.

"మా తాత ఒక్క ఊపిరితో మునిగి బావి అడుగు మన్ను తెచ్చినోడు. నువ్వా నాకు చెప్పేది?" అన్నాను.

ఆ రోజు నీళ్లలో ఊపిరాడని బాధే తెలియలేదు. హాయిగా ఉందనుకుంటూనే స్పృహ తప్పాను. కళ్లు తెరిచేసరికి గట్టు మీద ఉన్నాను. మునియమ్మ నా జుట్టు పట్టుకుని, "ఊపిరి తియ్యిరా!" అని చెంపలు వాయిస్తోంది.

అలా గబగబా పీల్చి మునిగితే, ఊపిరి కావాలని ఒళ్లు హెచ్చరించేలోపే స్పృహ పోవచ్చని ధర్మపురిలో డాక్టరు చెప్పాడు.

"నీవల్లే బతికినాను" అని మునియమ్మతో అనడానికి నాకు మూడు రోజులు పట్టింది. తొట్టికన్నా ఆ మూడు రోజులే నన్ను ఇప్పటికీ భయపెడతాయి.